వారధి దాకా కిటికీ మోతే

గుంటూరులో బస్సెక్కి ఓ కునుకు తీస్తే కృష్ణ మీది విజయవాడ వారధి వచ్చేస్తుంది. మొన్న ఆ కునుకు కూడా దక్కలేదు. చివరి వరసలో సీటు, పక్కనే లొడలొడమనే కిటికీ అద్దం. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రిలో ఉన్న మా పెద్దమ్మను చూడటానికి బయల్దేరితే, ఎనిమిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు కూడా వెంటపడింది. సెలవుల్లో ధ్వని మీద ప్రాజెక్టు రాయాలట, నోట్సు ఒళ్లోనే ఉంది.

కాజ టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. అద్దం మోత ఇంకా పెరిగింది.

"అత్తా, బస్సు కదలకపోతే శబ్దం తగ్గాలి కదా?"

అద్దం మీద వేలు ఆనించమన్నాను. మోత టక్కున ఆగింది. వేలు తీసింది, మళ్ళీ మొదలు. నాలుగైదుసార్లు అదే ఆట. ఇంతలో డ్రైవరు రేజ్ చేస్తే అద్దం తనంతట తనే ఊరుకుంది. మా పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

ప్రతి వస్తువుకూ సెకనుకు ఇన్నిసార్లని అదిరే సొంత లెక్క ఒకటుంటుంది. ఇంజను అదురు ఆ లెక్కతో కలిసిందా, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు, చిన్న అదురుకే అద్దం ఊగిపోతుంది. పుస్తకంలో దాన్నే అనునాదం అంటారు. ఇంజను వేగం మారగానే ఆ పొత్తు చెడుతుంది. మా చిన్నప్పుడు మాస్టారు శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, బొమ్మ గీసి వదిలేశారు, నాకైతే పరీక్ష రాసేదాకా ఎక్కలేదు.

మంగళగిరిలో ఒకాయన ఎక్కి మా ముందు కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్స్ లేవు, ఫోన్‌లో రీల్స్ మీద రీల్స్. ఇంజను హోరే పెద్దది, కానీ ఒళ్ళు మండింది మాత్రం ఆ ఫోన్‌కే. దానికీ కారణముంది. ఫోన్ స్పీకరు బుల్లిది, ఎక్కువ గాలిని కదిలించలేదు. అందుకే బొంగురు స్వరాలు పలకవు, కీచుమనేవే బయటికొస్తాయి. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని అదుర్లు) దాకా వింటుందంటారు గానీ, దానికి బాగా పదునుండేది 2,000 నుంచి 5,000 మధ్యలోనే. రీల్స్ గోల సరిగ్గా అక్కడే గుచ్చుకుంటుంది. కాస్త తగ్గించమన్నాను. తగ్గించాడు, ఒక్క గీత!

బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆ కాస్త దూరానికి నూట యాభై అన్నాడు, నూట ఇరవైకి దిగాడు. మా పిల్ల ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే డెసిబెల్ యాప్ పట్టుకుని కూర్చుంది. బస్సులో 80 చూపించిందట. ఫోన్ కొలతను అంతగా నమ్మలేం, అది వేరే సంగతి. ఆసుపత్రులు, బడుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలాల్లో పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి.

"50కీ 80కీ అంత తేడా ఏముంది, రెండింతలు కూడా లేదుగా!" అంది.

డెసిబెల్ లెక్క అలా నడవదు. పది పెరిగితే శబ్ద తీవ్రత పదింతలు, ముప్ఫై పెరిగితే వెయ్యింతలు. వెయ్యా అని నోరు తెరిచేలోపు ఆసుపత్రి ముందుకొచ్చాం. 'హారన్ మోగించరాదు' బోర్డు పక్కనే మా ఆటో అతను గట్టిగా హారన్ కొట్టాడు.

"బోర్డు చూడలేదా బాబూ?"

"చూశానమ్మా. కొట్టకపోతే ఎవడు తప్పుకుంటాడు? మీరే ఇక్కడ దిగలేరు," అన్నాడు.

యాప్ 96 చూపిస్తోంది.