నా జన్యువు ఆ కిట్‌లో లేదు

చంటిబిడ్డగా ఉన్నప్పుడు నన్ను ముద్దు పెట్టుకుంటే పెదాలకు ఉప్పు తగిలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నెల్లూరు ఎండలకు చెమటేగా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వదలని దగ్గు, జిడ్డుగా వచ్చే విరేచనాలు, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం... దేనికి దానికే మందు రాయించుకున్నాం. పన్నెండేళ్లప్పుడు ఒక ఆస్పత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగాను. తెమడ మాత్రం తగ్గలేదు.

ఉద్యోగానికి చెన్నై వచ్చాక, ఒక మే నెల మధ్యాహ్నం పెరంబూర్‌లో బస్సు దిగుతూ పడిపోయాను. రక్తంలో సోడియం, క్లోరైడ్ బాగా పడిపోయాయన్నారు. ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ నా దగ్గు కథంతా ఓపిగ్గా విని చెమట పరీక్ష చేయించారు. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నట్టే. ఊపిరితిత్తుల్లో, జీర్ణవ్యవస్థలో చిక్కటి జిగురు పేరుకునే వంశపారంపర్య జబ్బు ఇది. నాకు 104 వచ్చింది. 23 ఏళ్లకు నా జబ్బు పేరు తెలిసింది.

జన్యు పరీక్షలో మొదట ఏమీ తేలలేదు. ఆ కిట్ యూరప్ మూలాలవారిలో ఎక్కువగా కనిపించే మార్పులనే వెతుకుతుంది. ఈ జబ్బుకు కారణమైన సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లో కనుగొన్నారు. అందులో ఇప్పటికి 2,000కు పైగా మార్పులు బయటపడ్డాయి. అమెరికాలో రోగుల్లో దాదాపు పదింట తొమ్మిది మందికి ఎఫ్508డెల్ అనే మార్పు ఒక్క కాపీలో అయినా ఉంటుంది. మన దేశంలో దాని వాటా అంతకంటే చాలా తక్కువ. జన్యువు మొత్తం చదివించాకే నావి దొరికాయి. రెండు కాపీలూ ప్రొటీన్ తయారీని మధ్యలోనే ఆపేసే రకం.

2019లో అమెరికాలో అనుమతి పొందిన ట్రైకాఫ్టా ఎంతోమందికి కొత్త ఊపిరి పోసింది. అయితే అది తయారైన ప్రొటీన్‌ను సరిదిద్దే మందు. నా ఒంట్లో ఆ ప్రొటీనే తయారు కాదు. అందుకే నా ఆశంతా జన్యు చికిత్స మీదే. ప్రొటీన్ ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే సరైన ఎంఆర్‌ఎన్‌ఏను కొవ్వు కణికల్లో పెట్టి పీల్పించే పద్ధతిని మనుషుల్లో పరీక్షిస్తున్నారు. జన్యువులో ఏ మార్పు ఉన్నా పనిచేయాలన్నది దాని ఉద్దేశం. ఆ మందు మా చిక్కటి తెమడను దాటి కణాల్లోకి చేరాలి, అదే కష్టం. మాలాంటి వాళ్లను పరీక్షల్లో చేర్చుకోకుండా అది మాకు పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? ఈ మాట అనేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఊపిరితిత్తుల్లో చేరిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు 14 రోజులు నరంలోకి యాంటీబయోటిక్స్ ఎక్కించారు. ఊదుడు పరీక్షలో నా ఊపిరి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోలిస్తే, 38 శాతం నుంచి 57కు పెరిగింది. అమ్మ నా దగ్గరే ఉండిపోయింది. పొద్దున, సాయంత్రం ఉప్పునీటి నెబులైజర్ పెట్టుకున్నాక, "పాపా, ఇట్లా తిరుగు" అని వీపు చరుస్తుంది. అన్నంతో పాటు ఎంజైమ్ మాత్రలు, ఎండ ముదిరితే ఉప్పు ఎక్కువేసిన మజ్జిగ. ఇప్పుడు రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నాను.

మొన్న మా ఊరి నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది, బిడ్డ నుదురు ఉప్పగా ఉంటోందని. చెమట పరీక్ష ముందు చేయించమన్నాను. జన్యు పరీక్షలో ఏమీ లేదంటే అక్కడితో ఆగొద్దని, జన్యువు మొత్తం చదివించమని అడగాలని రెండుసార్లు చెప్పాను. ఆమె కాగితం తెచ్చుకుని రాసుకుంది.