జేసీబీ పెట్టి తీసేయొచ్చుగా అనే ముందు

2023 జనవరి 14న ఉక్రెయిన్‌లోని డ్నిప్రోలో ఒక తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ మీద రష్యా కేహెచ్-22 క్షిపణి పడింది. 46 మంది చనిపోయారు. గాలింపు 17వ తేదీ దాకా సాగింది. అంతసేపెందుకు, నాలుగు జేసీబీలు దింపితే ఒక్క రోజు పని కదా అనిపిస్తుంది.

కేహెచ్-22ని సోవియట్ యూనియన్ 1960ల్లో తయారుచేసింది విమానవాహక నౌకల్ని ముంచడానికి. పేలుడు పదార్థం ఉండే వార్‌హెడ్డే 900 కిలోల పైమాట. సముద్రంలో ఆ క్షిపణి రాడార్‌కి ఓడ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊళ్లో అయితే ప్రతి కట్టడమూ అలాగే కనిపిస్తుంది. అలాంటిదాన్ని నగరం మీదికి వదిలి, గురి తప్పిందంటే నేను నమ్మను.

సోవియట్ కాలపు ప్యానెల్ భవనాల్లో చాలావాటికి మనకు అలవాటైన పిల్లర్లుండవు. ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన కాంక్రీట్ పలకలే గోడలు, బరువు మోసేవీ అవే. కింది గోడ పోతే పై శ్లాబులన్నీ ఒకదాని మీదొకటి కూర్చుంటాయి. పక్క మెట్ల వైపున్న భాగం మాత్రం నిలబడిపోవచ్చు. డ్నిప్రోలో అలా మిగిలిన అంచున ఒక పసుపురంగు వంటగది గోడ లేకుండా వీధిలోకి తెరుచుకుంది. టేబుల్ మీద పళ్ల గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది.

శ్లాబు ఒక కొస నేలమీద, ఇంకో కొస గోడమీద ఆనితే మధ్యలో ముక్కోణపు సందు మిగులుతుంది. బతికున్నవాళ్లు దొరికేది ఎక్కువగా అక్కడే. కుప్ప మీదికి జేసీబీ ఎక్కితే ముందు మూసుకుపోయేది ఆ సందే. అందుకే ముందే జేసీబీ ఎక్కించరు. మొదట గ్యాస్, కరెంటు కట్ చేస్తారు. తర్వాత మధ్యమధ్యలో యంత్రాలన్నీ ఆపించి, పిలిచి, కొట్టి, చెవి ఒగ్గి వింటారు. జనరేటర్ కూడా ఆపాలి, చాలాచోట్ల మరిచిపోయేది దాన్నే. చప్పుడు వినబడ్డ చోట శ్లాబుని జాకీతో అంగుళం లేపడం, కింద దుంగలు ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చడం, మళ్లీ అంగుళం. దుంగ పెట్టకుండా లేపితే, జాకీ జారిన క్షణంలో శ్లాబు మళ్లీ ఆ మనిషి మీదే పడుతుంది.

మనిషి కనబడగానే లాగేయడం ఇంకో పొరపాటు. కాలు గంటల తరబడి నలిగితే చచ్చిన కండరంలో పొటాషియం, మయోగ్లోబిన్ అనే కండరాల ప్రొటీన్ పేరుకుంటాయి. బరువు తీయగానే అవి రక్తంలో కలుస్తాయి. పొటాషియం గుండెను ఆపేస్తుంది, మయోగ్లోబిన్ కిడ్నీలను పాడుచేస్తుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే పోవడం ఇందువల్లే. కాబట్టి శిథిలాల కింద ఉండగానే చేతి నరానికి సెలైన్ ఎక్కించాలి. వయోజనులకి మొదటి రెండు గంటలూ గంటకి లీటరు, ఆ తర్వాత అందులో సగం. సెలైన్‌లాగే ఎక్కించే రింగర్ లాక్టేట్ ద్రవం వద్దు, అందులో కొంత పొటాషియం ఉంటుంది. జనవరి చలిలో ఆ సెలైన్ సీసాని కూడా వెచ్చబెట్టాలి. వేరే ఏర్పాటు లేకపోతే కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవడమే.