చేతితో చుట్టిన సిగార్‌కు విశాఖ తేమలో పరీక్ష: నా అనుభవం

మర్చంట్ నేవీలో పనిచేసి లాసన్స్ బే కాలనీలో స్థిరపడిన మా బావగారు, వచ్చే జనవరిలో విశాఖకు రానున్న తమ పాత సహోద్యోగులకు ఇవ్వడం కోసం క్యూబా సిగార్ల పెట్టె ఒకటి కొనదలచి, అంత ఖరీదు పెట్టే ముందు విడి సిగార్లు కాల్చి చూసి నిర్ణయం చెప్పవలసిందిగా నన్ను కోరారు. ఉద్యోగ జీవితమంతా ప్రకాశం జిల్లాలో పొగాకు కొనుగోలులోనూ గ్రేడింగ్‌లోనూ గడిపినవాణ్ని గనుక ఆ బాధ్యతను సంతోషంగా తీసుకున్నాను. పని నిన్నటితో ముగిసింది. మధ్యలో జరిగిన అవమానం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

నా చేతులు ఎరిగిన వర్జీనియా పొగాకు బ్యారన్లలో, అంటే ఆకును ఆరబెట్టే వేడి గదుల్లో, పక్వమయ్యే ఆకు. దానిలో చక్కెర ఎక్కువ. దాని పొగకు ఆమ్ల గుణం ఉండడం వల్ల సిగరెట్ తాగేవాడు ఊపిరితిత్తుల దాకా పీల్చుకుంటాడు. సిగార్ ఆకు దారి వేరు. దానిని చావిళ్లలో గాలికి ఆరబెట్టి, మండెలుగా పేర్చి, లోపల పుట్టే వేడికి పులియనిస్తారు. అమ్మోనియా వెళ్లిపోతుంది, చక్కెర దాదాపుగా మిగలదు, పొగ క్షార గుణానికి తిరుగుతుంది, నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో చేరుతుంది. సిగార్ పొగను లోపలికి పీల్చనక్కరలేకపోవడానికి కారణం ఇదే. ఈ తేడా నాకు పుస్తకాల్లోనూ తెలుసు, గోడౌన్లలోనూ తెలుసు. అయితే ఆకు ఏ రకానిదైనా దాని పదును, అంటే అందులోని తేమ పాటు, చేతికి ఒకే విధంగా తెలుస్తుంది. పొగాకుతో బతికిన ఏ రైతును అడిగినా ఈ మాటే చెబుతాడు.

నేను తీసుకున్నది రోబుస్టో కొలత గలది, అంటే 124 మిల్లీమీటర్ల పొడవు, 50 గేజి లావు. గేజి అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు. పై ఆకు రంగు నిలువునా ఒకే తీరుగా ఉంది, ఈనెలు సన్నగా ఉన్నాయి, అతుకులు బిగువుగా ఉన్నాయి, కొన మీద అతికించిన టోపీ చక్కగా గుండ్రంగా ఉంది. వెలిగించకముందు పీలిస్తే ఎండు గడ్డి వాసన, కొద్దిగా దేవదారు చెక్క వాసన తగిలాయి. చూపుకు సంబంధించినంత వరకు లోపమేమీ లేదు.

వేళ్ల మధ్య నొక్కినప్పుడు మాత్రం అది అణిగి, మళ్లీ పైకి లేవకుండా అలాగే ఉండిపోయింది. అది పదును మించిన ఆకు లక్షణం. నేను ఆ మాటే దుకాణదారుతో అన్నాను. నగరంలోని ఒక పెద్ద హోటల్‌లో, ధూమపానానికి ప్రత్యేకించిన గదిని ఆనుకుని ఉన్న దుకాణం అది. ముప్పై గదులున్న హోటళ్లు అటువంటి గదిని పెట్టుకోవడానికి 2003 నాటి చట్టం అనుమతిస్తుంది. అతను సిగార్లు ఉంచిన అల్మరాలో తేమను చూపే సూది మీటరు చూపించి, "డెబ్బై శాతం ఉంది సార్, ప్రపంచమంతా ఇదే లెక్క" అని నా మాటను తోసివేశాడు.

టోపీ అంచుకు పైన, రెండు మిల్లీమీటర్లకు మించకుండా కోసి, దేవదారు పుల్లతో మొదలంతా సమంగా ఎర్రబడేలా తిప్పుతూ వెలిగించాను. మొదటి దమ్ము నుంచే గాలి ఆడలేదు. బుగ్గలు లోపలికి పోయేటంత లాగినా నోటిలోకి చిటికెడు పొగ మాత్రమే వచ్చింది. వచ్చినది కూడా వేడిగా, ఆవిరిగా, నాలుక మీద తారు పూసినంత చేదుగా ఉంది. కొద్ది నిమిషాలకే ఒక వైపు కాలి, రెండో వైపు నల్లగా నిలిచిపోయింది. తిరిగి వెలిగించాను, తిరిగి ఆరిపోయింది. అప్పుడు ఆ దుకాణదారు గదిలోకి వచ్చి, అక్కడ కూర్చున్న నలుగురికీ వినపడేలా, "ఇది చుట్ట కాదు సార్, క్యూబా సరుకు. మీరు లంక పొగాకు లాగినట్టు లాగుతున్నారు, అందుకే ఆరిపోతోంది" అన్నాడు. అంతటితో ఆగక, నా చేతిలోని సిగార్ తీసుకుని దానిని ఎలా పట్టుకోవాలో చిన్న పిల్లవాడికి చూపినట్టు చూపించాడు. ఇద్దరు నవ్వారు. నా వయసుకు అతను మా చిన్నబ్బాయి ఈడువాడు. వేరేది ఇవ్వమని అడిగితే, కోసిన సరుకు వాపసు ఉండదన్నాడు.

నాకు కోపం తెప్పించింది డబ్బు నష్టం కాదు. గాలి ఆడకపోవడానికి కారణాలు ప్రధానంగా రెండే: చుట్టిన మనిషి లోపలి ఆకులను మెలివేయడం వల్ల ముడి పడి ఉండాలి, లేదా ఆకు తేమ పీల్చి ఉబ్బి దారులు మూసుకుని ఉండాలి. ముడి అయితే వేలితో తడిమినప్పుడు ఒకచోట గట్టిగా తగులుతుంది, ఎన్నాళ్లు ఆరబెట్టినా పోదు. ఉబ్బు అయితే నిలువునా మెత్తగా ఉంటుంది, ఆరితే పోతుంది. పైగా క్యూబా కర్మాగారాల్లో పై ఆకు చుట్టకముందే గాలి ఎంత సులువుగా పోతున్నదో యంత్రంతో కొలిచి చూస్తారు. నేను నొక్కి చూసినది నిలువునా మెత్తగా ఉంది. ఇంత తేటగా తెలుస్తున్న విషయాన్ని పరీక్షించకుండా కొన్నవాడి పెదవుల మీద తప్పు మోపడం అమ్మకం వృత్తిలో నేను సహించలేని పని. వేలం కేంద్రాల్లో రైతు తెచ్చిన బేలును తక్కువ గ్రేడుకు దించవలసి వచ్చినప్పుడు కూడా, ఆకు విప్పి, కారణం చూపించి, ఆ తర్వాతే ధర చెప్పేవాణ్ని. నా గ్రేడు మీద ఫిర్యాదు రాలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

అందువల్ల రుజువుతోనే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో ఉన్న డిజిటల్ తేమ మీటరును ముందుగా సరిచూశాను. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే, తడి ఉప్పు డబ్బాలోని తేమను 75 శాతం దగ్గర నిలుపుతుంది. నా మీటరు 73 చూపింది. అంటే అది చూపే అంకెకు రెండు కలుపుకోవాలి. దానిని తీసుకువెళ్లి దుకాణం అల్మరాలో ఉంచనివ్వమని అడిగితే యజమాని ఒప్పుకోలేదు. అతను భోజనానికి వెళ్లినప్పుడు, సరుకు సర్దే కుర్రాడు, "పెట్టండి బాబుగారూ, నాకూ అనుమానంగానే ఉంది" అన్నాడు. మీటరు 79 దగ్గర నిలిచింది. అసలు తేమ 81 అన్నమాట. సూది మాత్రం డెబ్బై దగ్గరే ఉంది.

సిగార్లను భద్రపరచే సలహాల్లో అధిక భాగం, చలికాలంలో హీటర్ల వల్ల ఇంటి గాలి ఎండిపోయే దేశాల్లో పుట్టినవి. అక్కడ తేమను చేర్చడమే సమస్య. సముద్రం పక్కనున్న మన ఊళ్లో వర్షాకాలమంతా బయటి గాలే డెబ్బై దాటి ఉంటుంది, అల్మరా తలుపు తీసినప్పుడల్లా ఆ గాలి లోపలికి వస్తుంది, లోపలున్న తేమ యంత్రం దానికి మరికొంత తేమ చేరుస్తుంది. ఇక్కడ కావలసింది తేమను తీసే ఏర్పాటు. తేమ ఎక్కువైన ఆకులో నిప్పు వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది గనుక నిప్పు నిలవదు, రుచి పలకదు.

అదే రోజు కొని కోయకుండా ఉంచిన రెండో సిగార్‌ను, 65 శాతం దగ్గర తేమను ఇచ్చి పుచ్చుకునే పొట్లంతో పాటు మూత బిగువైన డబ్బాలో పెట్టి, బంగారం తూచే చిన్న తక్కెడ మీద వారానికోసారి బరువు చూస్తూ, బరువు తగ్గడం ఆగేవరకు ఓపిక పట్టాను. త్వరగా ఆరుతుందని ఎండలో గాని ఏసీ గాలిలో గాని పెడితే, పై ఆకు ముందుగా ముడుచుకుపోయి చీలుతుంది. ఆ పని ఎవరూ చేయవద్దు.

నిన్న ఉదయం, సముద్రపు గాలి పుంజుకోకముందు, ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద మెట్లగది చాటున కూర్చుని దానిని వెలిగించాను. ఇడ్లీ తిని, ఆవకాయ జోలికి పోకుండా, మంచినీళ్లతో నోరు పుక్కిలించాను. ఖాళీ కడుపుతో ఇంత బలమైన పొగాకు పనికిరాదు, తల తిరుగుతుంది. గాలి హాయిగా ఆడింది. నిమిషానికి ఒక దమ్ము చొప్పున, కొద్దిపాటి పొగను ముక్కు గుండా వదులుతూ పరీక్షించాను. మొదటి భాగంలో ముక్కుకు మిరియం ఘాటు, నాలుకకు దేవదారు. రెండో భాగంలో వేయించిన వేరుశనగ, పాలు కలపని కాఫీ చేదు, వెనుక సన్నని తీపి. చివరి భాగంలో మొక్క పై ఆకుల బలం బయటపడింది. లిహెరో అని పిలిచే ఆ ఆకును, నెమ్మదిగా కాలుతుంది గనుక నడిమధ్యలో ఉంచుతారు. బూడిద లేత బూడిద రంగులో గట్టిగా నిలిచింది, నిప్పు అంచు సమంగా నడిచింది. బలం మధ్యస్థానికి పైన, రుచి నిండుగా, నిర్మాణంలో లోపం లేదు అని కాగితం మీద రాశాను.

పొగను లోపలికి పీల్చడం లేదు గనుక హాని లేదని హోటల్‌లోని ఆ ధూమపాన గదిలో ఒకాయన నాకు నచ్చజెప్పబోయాడు. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ, అంటే నిప్పు కొన నోటి లోపల ఉంచుకుని చుట్ట, తాగే ఆడవాళ్ల అంగిళ్లలో పుండ్లు, క్యాన్సర్లు వస్తున్న సంగతి తెలిసినవారెవరూ అలా అనకూడదు. నోటికి తగిలే పొగ నోటికి హాని చేస్తుంది. బావగారితో కూడా ఇదే చెప్పాను: ఇది ఎప్పుడో ఒకనాటి విందుకే గాని అలవాటుకు కాదు.

ఆకు మంచిదే, పెట్టె కొనవచ్చునని చెప్పాను. అయితే ఆ అల్మరాలోది వద్దు, సీలు విప్పని పెట్టె మరో చోట కొనమన్నాను. పెట్టె అడుగున క్యూబాలో తయారైనట్టు, పూర్తిగా చేతితో చేసినట్టు స్పానిష్‌లో కాల్చి వేసిన ముద్ర ఉండాలి. ఈ రెండో ముద్ర 1989 నుంచి ఉంది. తెచ్చిన వెంటనే గాలి చొరని సంచిలో కట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో, ఆ తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీస్తే పొగాకు పురుగు గుడ్లు చస్తాయి. మా గోడౌన్లలో ఆ పురుగు చేసిన నష్టం నేను కళ్లారా చూశాను, మన ఊరి వేడికి అది తప్పక పొదుగుతుంది. ఆ తర్వాత జనవరి దాకా 65 దగ్గర ఉంచమన్నాను. బావగారు ఒప్పుకుని, పెట్టె ఇంటికి రాగానే మొదటి తూకం నేనే వేయాలన్నారు.