నెట్ ఫిజిక్స్ సొంతంగా చదివినప్పుడు ఏది ముందు, ఏది వదిలేయాలి: నా అనుభవం

సీఎస్ఐఆర్ నెట్ భౌతికశాస్త్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినట్టు ఫలితాల్లో చూసుకున్నాను. ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా చదివేవారికి పనికొచ్చే సంగతులను మరిచిపోకముందే రాసిపెట్టాలనిపించింది. నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను. సాయంత్రం స్టడీ అవర్లో పిల్లలు చదువుకుంటూ ఉంటే, వాళ్ల పాత స్లిప్ టెస్టు కాగితాల వెనుక వైపు లెక్కలు చేసుకున్నాను; నా చదువులో సగం అక్కడే జరిగింది.

దరఖాస్తు, ఫీజు, అడ్మిట్ కార్డుల గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. పరీక్ష స్వరూపాన్ని మాత్రం సిలబస్ కంటే ముందు చదవాలి. మూడు గంటల సమయం, 200 మార్కులు. పార్ట్-ఏలో 20 ప్రశ్నలకు 15 రాయాలి, ఒక్కోదానికి 2 మార్కులు. పార్ట్-బీలో 25కు 20, ఒక్కోదానికి 3.5, పార్ట్-సీలో 30కి 20, ఒక్కోదానికి 5. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది. అంటే పార్ట్-సీలో పది ప్రశ్నలను ముట్టుకోకపోయినా నష్టం లేదు. కొన్ని అధ్యాయాలను నిశ్చింతగా పక్కన పెట్టే వీలు ఆ పరీక్షలోనే ఉంది. మన రాష్ట్రాలు ఇదే అర్హత కోసం నిర్వహించే సెట్ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి, సెట్ గట్టెక్కిన మిత్రులు ‘అన్నీ పైపైన చూసెయ్, ఏదో ఒకటి తగులుతుంది’ అని ఇచ్చే సలహాను నెట్ దగ్గర వినకూడదు.

ఏవి వదలాలో తేల్చుకోవడం దగ్గరే నాకు చుక్కలు కనిపించాయి. మోడల్ టెస్టులు మాత్రమే కొనుక్కుందామని ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సంస్థకు వెళ్లాను. కౌంటర్‌లోని అమ్మాయి అధ్యాయాల వారీగా ప్రశ్నల సంఖ్యను చూపే వెయిటేజీ పట్టిక నా ముందు పెట్టి, టెస్టులు విడిగా అమ్మరని, పూర్తి కోర్సులో చేరాలని చెప్పింది. అంతటితో వచ్చేస్తే బాగుండేది. ‘ఒకసారి మా సార్ క్లాసు చూడండి’ అని లోపలికి పంపింది. పాఠం చెబుతున్న ఆయన నేను లెక్చరర్‌నని తెలుసుకుని, బోర్డు దగ్గరకు పిలిచి, రెండు శక్తి స్థాయిల్లో మూడు ఒకేరకం బోసాన్లు (ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టలేని కణాలు) ఉంటే పార్టిషన్ ఫంక్షన్, అంటే సాధ్యమైన స్థితులన్నిటినీ శక్తిని బట్టి కూడిన మొత్తం, ఎంతో రాయమన్నారు. విడివిడిగా గుర్తించగల కణాలైతే ఎనిమిది స్థితులు ఎందుకొస్తాయో, బోసాన్లకు నాలుగే ఎందుకు మిగులుతాయో వివరిస్తూ స్థితికొకటి చొప్పున నాలుగు గణిత పదాల మొత్తంగా జవాబు రాశాను. జవాబు సరైనదే. ఆయన మాత్రం చాక్‌పీసు నా చేతిలోంచి తీసుకుని, ‘మాస్టారూ, ఇది పిల్లలకు పాఠం చెప్పే పద్ధతండీ, పరీక్ష రాసే పద్ధతి కాదు. ఇది నిమిషంలో తేలిపోవాలి. ఉద్యోగం చేసుకుంటూ మీ వల్ల కాదులెండి’ అన్నారు. క్లాసంతా నవ్వింది. రెండో బెంచీలో కూర్చున్న కుర్రవాడు నా దగ్గర ఇంటర్ చదివినవాడు. వాడు నవ్వకుండా తల వంచుకోవడం నాకు ఆ నవ్వు కంటే ఎక్కువ బాధ కలిగించింది. 180 నిమిషాల్లో రాయవలసినవి 55 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు నిమిషాలకు పైగానే సమయం ఉందన్న లెక్క ఆయనకు తెలియదా, లేక భయపెట్టి చేర్చుకోవడమే వాళ్ల పద్ధతా అన్నది నేను చెప్పను. ఫలితాలు వచ్చాక అదే సంస్థవారు నా ఫొటో అడుగుతూ ఫోన్ చేశారు, ఇవ్వలేదు.

ఆ కసితోనే వాళ్ల పట్టికను పాత ప్రశ్నపత్రాలతో సరిపోల్చి చూశాను. పట్టిక ప్రశ్నలను అధ్యాయం పేరుతో లెక్కపెట్టింది. నేను ప్రతి ప్రశ్న పక్కన, దాన్ని విప్పడానికి నిజంగా ఏమి తెలిసి ఉండాలో రాసుకున్నాను. ఉదాహరణకు, రెండు మితుల స్ఫటికంలో అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఫోనాన్ల (స్ఫటిక కంపనాల) ఉష్ణధారణ ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందన్న ప్రశ్నను పట్టిక ‘కండెన్స్‌డ్ మ్యాటర్’ కింద వేస్తుంది. దానికి కావలసింది మాత్రం డెన్సిటీ ఆఫ్ స్టేట్స్, అంటే ఒక్కో శక్తి దగ్గర ఎన్ని స్థితులున్నాయో లెక్కించడమే. మూడు మితుల్లో ఘనంగా వచ్చేది రెండు మితుల్లో వర్గంగా వస్తుందని అక్కడి నుంచి రెండు పంక్తుల్లో తేలుతుంది. అదే లెక్క ఫెర్మీ శక్తికీ, బోస్ సంఘననానికీ పనికొస్తుంది. ఈ రకంగా వర్గీకరించేసరికి, క్వాంటమ్ మెకానిక్స్, గణిత పద్ధతులు, ఈ స్థితుల లెక్క అనే మూడూ పట్టికలో కనిపించిన దానికంటే ఎంతో పెద్దవయ్యాయి. అందుకే మొదటి నెలలన్నీ వాటికే ఇచ్చాను: మాత్రికల ఐగెన్ విలువలు, రెసిడ్యూలు, హార్మోనిక్ ఆసిలేటర్, కోణీయ ద్రవ్యవేగాల కూడిక, మొదటి తరగతి పర్టర్బేషన్.

పట్టికలో అట్టడుగున ఉన్న కేంద్రక, కణ భౌతికశాస్త్రాలను నేను రెండో వరుసలో పెట్టుకున్నాను, ఎందుకంటే అక్కడ శ్రమ తక్కువ, రాబడి ఎక్కువ. కేంద్రకంలో కణాలు ఏ స్థాయిల్లో నిండుతాయో చెప్పే షెల్ మోడల్ వరుస కంఠస్థమైతే ఆక్సిజన్-17లో తొమ్మిదో న్యూట్రాన్ 1డీ5/2 స్థాయిలో కూర్చుంటుందని, కేంద్రకం స్పిన్ 5/2, పారిటీ ధనాత్మకమని వెంటనే చెప్పవచ్చు. బేరియాన్, లెప్టాన్ సంఖ్యలు, స్ట్రేంజ్‌నెస్ ఒక కాగితం మీద రాసుకుంటే ఏ చర్య సాధ్యమో, ఏది కాదో తేల్చడానికి లెక్క కూడా అక్కరలేదు. పరమాణు భౌతికశాస్త్రంలో జీమన్ ప్రభావం కూడా ఇలాంటిదే: బలహీన అయస్కాంత క్షేత్రంలో సోడియం డీ1 రేఖ నాలుగుగా, డీ2 ఆరుగా ఎందుకు చీలుతాయో లాండే గుణకంతో ఒకసారి వేసి చూసుకుంటే మిగతా ప్రశ్నలన్నీ దాని తోబుట్టువులే. మెకానిక్స్‌లో న్యూటన్ పద్ధతి నాకు వృత్తిరీత్యా చేతిలో ఉన్నదే కాబట్టి లెగ్రాంజియన్, పాయిజాన్ బ్రాకెట్లు, కానానికల్ ట్రాన్స్‌ఫర్మేషన్లు మాత్రమే చదివాను.

ఎమ్మెస్సీలో నా స్పెషలైజేషన్ ఎలక్ట్రానిక్స్. రెండు సెమిస్టర్లు 8085 మైక్రోప్రాసెసర్ ప్రోగ్రాములు రాయించి, రికార్డు పుస్తకాల మార్జిన్ల కొలతలు చూసి మార్కులు వేశారు. నెట్ సిలబస్‌లో మైక్రోప్రాసెసర్, మైక్రోకంట్రోలర్ మౌలికాంశాలకు దక్కింది ఒక్క ప్రస్తావన. ఆప్-ఆంప్‌లు, లాజిక్ గేట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లు చూసుకుంటే చాలు. ఈ సంగతి విశ్వవిద్యాలయాల్లో ఎవరూ చెప్పకపోవడం అన్యాయం.

గ్రూప్ థియరీ, టెన్సర్లు, వేవ్‌గైడ్లు, కదిలే ఆవేశాల వికిరణం నేను పూర్తిగా వదిలేశాను. వాటి మీద ఆధారపడే ఇతర అధ్యాయాలు నాకు పెద్దగా కనిపించలేదు. రేపు మళ్లీ రాయవలసి వచ్చినా వాటినే వదిలేస్తాను. వికిరణంలో మంచి పట్టున్నవారు మాత్రం నన్ను అనుసరించనక్కరలేదు. వారికి అవి తేలిక మార్కులే.

ఫిజిక్సువాళ్లు చిన్నచూపు చూసే పార్ట్-ఏ గురించి ఒక మాట. ఆ 30 మార్కులకు ఏ డిఫరెన్షియల్ ఈక్వేషనూ అక్కరలేదు. గ్రాఫులు చదవడం, నిష్పత్తులు, తర్కం, కాస్త జ్యామితి వస్తే సరిపోతుంది. వాటిని నేను బస్సులో వెళ్తూ చేసేవాణ్ని. పరీక్షలో మొదట పార్ట్-సీలో నావైన ప్రశ్నలు, తరువాత పార్ట్-బీ పూర్తిచేసి, చివరి అరగంట పార్ట్-ఏకు ఉంచుకున్నాను. పదిహేనూ రాశాను, కీ వచ్చాక చూసుకుంటే ఒక్కటే తప్పింది.