డాట్సన్ 240జెడ్ బాగుచేయడం: విడిభాగాల వేటలో నా అనుభవం

పాత జపాన్ స్పోర్ట్స్ కారును బాగుచేసుకోవాలనుకునేవారికి నేను మొదట చెప్పే మాట ఇది: కారు ధర చూసి లెక్క వేసుకోవద్దు, ఆ కారులో ఏయే భాగాలు లేవో చూసి వేసుకోండి. లాస్ ఏంజెలెస్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దినాల్లో 1971 నాటి డాట్సన్ 240జెడ్‌ను (డాట్సన్ అనేది నిస్సాన్ కంపెనీ బ్రాండు) ఇంటి గ్యారేజీలో విప్పి మళ్లీ బిగించాను. ఆ పనిలో నేర్చుకున్నదంతా చివరికి ఈ మాట దగ్గరికే వస్తుంది.

ఈ కారు మీద నాకున్న ఇష్టం దాచుకునేది కాదు. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా, అమెరికాలో 240జెడ్‌గా మార్కెట్లోకి వచ్చినప్పుడు దీని ధర 3,526 డాలర్లు. ఆ డబ్బుకు 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, రెండు కార్బ్యురేటర్లు, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఇచ్చారు. అప్పట్లో పోర్షే 911 కొనాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి. అమెరికాలో నిస్సాన్ వ్యాపారాన్ని నడిపించిన యుటకా కటయామా ఈ కారు కోసం కంపెనీతో పోరాడారు. 1971లో ఇది ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది. మామూలు జీతగాడు కొనుక్కోగలిగిన కారు అంత కఠినమైన పందెం గెలవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

కొనేముందు చాలా కార్లు చూశాను. పెయింటు తళతళలాడుతున్న ఒక కారును వదిలేసి, రంగు వెలిసి, డాష్‌బోర్డు పగిలి ఉన్నా ఒక్క భాగం కూడా పోని కారును ఎంచుకున్నాను. సీట్ల వెనుక ఉండే చిన్న అరల మూతల దగ్గర నుంచి వెనుక లైట్ల చుట్టూ ఉండే పట్టీల వరకు అన్నీ ఉన్నాయి. ఇంజిన్ బేలోని పలక మీద ఉన్న నంబరు, బ్లాకు మీద చెక్కిన నంబరు ఒకటే. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో బాడీ అంతా తడిమి చూశాను. అది అంటుకోని చోట లోపల పుట్టీ ఉన్నట్టే. బ్యాటరీ కింది పళ్లెం, ఫ్లోరు కింద పొడవునా వెళ్లే ఫ్రేమ్ రెయిళ్లు, వైపర్ల కింది భాగం, వెనుక చక్రాల అంచులు, స్టెప్నీ గుంట: తుప్పు తప్పకుండా కాపురం పెట్టే చోట్లు ఇవి. మా ఎండ పొడి ఎండ కాబట్టి ఇక్కడి కార్లు కొంత నయం. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ పలుచని రేకును తినేస్తుంది.

విప్పడం తేలిక. విప్పినదాన్ని రేపు గుర్తుపట్టేలా విప్పడమే పని. ప్రతి బోల్టును విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో తీశాను. బోల్టులన్నీ చోటు పేరు రాసిన జిప్ సంచుల్లోకి వెళ్లాయి. ఫ్లోరు మీద శబ్దం రాకుండా ఫ్యాక్టరీలో వేసిన తారు షీటును గీకి తీయాలంటే ప్రాణం పోతుంది. దాని మీద డ్రై ఐస్ పరిచి, గట్టిపడ్డాక సుత్తితో మెల్లగా తడితే పెళ్లలు పెళ్లలుగా లేచి వచ్చింది. అన్నిటికంటే మొండిది వెనుక సస్పెన్షన్‌లోని స్పిండిల్ పిన్ను. ఏళ్ల తరబడి తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. సుత్తితో బాదితే పిన్ను ఉబ్బి ఇంకా ఇరుక్కుంటుంది. ఒత్తి తీసే ప్రెస్సు యంత్రం ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి తీయించుకున్నాను, ఎవరికైనా అదే సలహా ఇస్తాను.

టింకరింగ్ పని దగ్గర డబ్బు నీళ్లలా పోతుంది. ఇక్కడ మంచి పనివాడికి గంటకు వంద డాలర్లకు పైనే ఇవ్వాలి, అలాంటివాళ్లు తగ్గిపోతున్నారు కూడా. అందుకే ఫ్రేమ్ రెయిళ్లు, ఒక పక్క ఫ్లోరు వాళ్ల చేత వెల్డింగ్ చేయించి, బ్యాటరీ పళ్లెం తీసి కొత్తది అతికించడం, గీకడం, ప్రైమరు కొట్టడం నేనే చేసుకున్నాను.

ఇంజిను గురించి భయపడేవాళ్లు ఎక్కువ. నిజానికి ఈ కారులో ఖర్చు తక్కువ పెట్టించేది అదే. ఎల్24 అనే ఈ ఇంజిను ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్ ఉన్న మొండి ఇంజిను. దీని కుటుంబంలోని ఎల్28 ఇంజిను 1983 వరకు, ఈ కారు తర్వాతి తరమైన 280జెడ్ఎక్స్‌లో వచ్చింది, సెడాన్ కార్లలోనూ ఇదే కుటుంబం. అందువల్ల గాస్కెట్లు, టైమింగ్ చైను, బేరింగులు, పిస్టన్లు ఇప్పటికీ సరసమైన ధరకే దొరుకుతున్నాయి. లక్షల్లో తయారైన వస్తువుకు బతుకు ఎక్కువ. ఆ ఒక్క కారుకే, ఆ రెండు మూడేళ్లకే చేసిన ప్లాస్టిక్ బిళ్ల ఇంజిను కంటే అరుదు.

కార్బ్యురేటర్ల దగ్గర నాకు పెద్ద సందేహం వచ్చింది. థ్రాటిల్ కడ్డీ దాని రంధ్రంలో వదులై, గాలి లాగి, ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిను తిరిగే వేగం) నిలవడం లేదు. బాగుచేసి అమ్మే జత కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో జీవితమంతా లేత్ పని చేసిన మా బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను. కడ్డీని అటూ ఇటూ కదపమన్నారు. "బాడీకి ఏమీ కాలేదు అబ్బాయి, రంధ్రం సాపు చేయించి బుష్ కొట్టించు. కడ్డీ మాత్రం కొత్తది వేయించు. పాతది పారేయకు" అన్నారు. ఇక్కడి ఒక చిన్న మెషిన్ షాపులో సరిగ్గా అదే చేయించాను. కొత్త జతకయ్యే ఖర్చులో పావు వంతు కూడా కాలేదు. ఆ రోజు నుంచి ప్రతి భాగం దగ్గరా "దీన్ని నిలబెట్టగలనా?" అన్నది ముందు, "కొనగలనా?" అన్నది తర్వాత.

ఆ క్రమం లేకపోతే ఈ ధరలను తట్టుకోవడం కష్టం. 1990ల చివర్లో నిస్సానే పాత 240జెడ్‌లను కొని, పూర్తిగా బాగుచేయించి, ఒక్కోటి పాతిక వేల డాలర్లకు అటూ ఇటూగా అమ్మింది. విడిభాగాలు చేతికందే ఆ రోజుల్లో కూడా గిట్టుబాటు కాక, అనుకున్న సంఖ్యకు చాలా ముందే ఆపేసింది. 2020 జనవరిలో ఎక్కువగా తిరగని, ఏమాత్రం చెక్కుచెదరని ఒక 1971 కారు వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అది అసాధారణమైన కారు. కానీ ఆ వార్త తర్వాత షెడ్లలో దుమ్ము పట్టి ఉన్న ప్రతి గడియారం ధరకూ, ప్రతి లైటు అద్దం ధరకూ రెక్కలొచ్చాయి. బాగుచేయడానికి కాకుండా దాచుకోవడానికి కొనేవాళ్లు మొదలయ్యారు. నాకు కోపం తెప్పించేది ఇదే. కంపెనీ అచ్చులు ఎప్పుడో తుక్కుకు పోయాయి. ఉన్నవి ఉన్నంతే. వాటిని అటక మీద పెడితే రోడ్డు మీద తిరగాల్సిన కారు ఒకటి ఆగిపోతుంది.

రబ్బరు, ప్లాస్టిక్, క్రోమ్ ఈ మూడూ నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. డోర్ బీడింగ్ (తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ) కోసం ఒక దుకాణం నుంచి తెప్పించిన కొత్త సెట్టు మరీ మందంగా ఉండి, తలుపు మూయాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చింది. ఈ కార్లున్నవాళ్ల మధ్య ఒక పాత ఉపాయం ఉంది: 1990ల నాటి కియా స్పోర్టేజ్ తలుపు బీడింగ్. దాన్ని కొలతకు కోసి పెడితే తలుపు వేలితో నెట్టినా పడుతోంది. డాష్‌బోర్డుకు పైన తొడుగు వేసే చవక మార్గం ఉంది కానీ, నాకు మనసొప్పలేదు. అసలుదాన్నే పగుళ్లు పూడ్పించి, కొత్త వినైల్ వేయించాను. నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది, వెయ్యి డాలర్లు దాటింది. చేతిలోకి వచ్చాక ప్రతి డాలరూ న్యాయమే అనిపించింది.

బంపర్ల కథ వేరు. హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే పదార్థం కాబట్టి, అలంకార క్రోమ్ పూతలో దాని వాడకాన్ని 2027 నుంచి దశలవారీగా ఆపాలని కాలిఫోర్నియా 2023లో నిబంధన తెచ్చింది. పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకు సంబంధించిన విషయం, దానిని నేను సమర్థిస్తాను. అయితే పూత వేసే షాపులు తగ్గి, ఉన్నవాటి ధరలు పెరిగాయి. వియత్నాంలో స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన బంపర్లు కొనుక్కుని, అసలువాటిని గుడ్డలో చుట్టి భద్రపరిచాను.

జపాన్ నుంచి తెప్పించుకునే దారి కూడా ఇరుకైంది. అమెరికా 2025 మేలో దిగుమతి కారు విడిభాగాల మీద 25 శాతం సుంకం వేసింది. సెప్టెంబరులో జపాన్ వస్తువులకు అది 15 శాతానికి దిగింది. ఈలోగా ఆగస్టు 29న, 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపు పోయింది. పది డాలర్ల క్లిప్పు తెప్పిస్తే సుంకం కంటే కొరియర్ వాళ్ల క్లియరెన్సు రుసుమే ఎక్కువవుతోంది. అందుకే ఇప్పుడు నేను, దగ్గర్లో ఉన్న మరికొందరు 240జెడ్ యజమానులు కలిసి, కావలసినవన్నీ ఒకే పెట్టెలో తెప్పించుకుంటున్నాం.

తయారీదారులు మేలుకున్న సంగతి నిజమే. నిస్సాన్ 2017 చివర్లో ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ కోసం ఆగిపోయిన భాగాలను మళ్లీ చేయడం మొదలుపెట్టింది. మాజ్డా తొలితరం రోడ్‌స్టర్‌కు, టయోటా సుప్రాకు, 2000జీటీకి అలాగే చేస్తున్నాయి. ధరలు ఎక్కువని విసుక్కునేవాళ్లున్నారు. నేను మాత్రం ఆ పెట్టె మీద కంపెనీ ముద్ర చూస్తే సంతోషిస్తాను. కొద్ది సంఖ్యలో చేసే భాగానికి అచ్చు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. సరిగ్గా కూర్చునే ఖరీదైన రబ్బరు, కూర్చోని చవక రబ్బరు కంటే ఎంతో నయం.

కారు ఇప్పుడు రోడ్డు మీద ఉంది. 1975, అంతకు ముందు మోడళ్లకు కాలిఫోర్నియాలో పొగ పరీక్ష లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ సులువుగానే అయింది. బీమా మాత్రం ముందే ఒప్పుకున్న విలువ మీద చేయించాను. దానికి పని జరుగుతున్నప్పటి ఫోటోలు, బిల్లులు బాగా ఉపయోగపడ్డాయి. డాష్‌బోర్డులోని గడియారం ఇంకా నడవడం లేదు, దాన్ని విప్పి చూసే మనిషి కోసం వెతుకుతున్నాను. నా దగ్గర ఒక జత వెనుక లైటు అద్దాలు, ఒక హీటర్ వాల్వు అదనంగా మిగిలాయి. 240జెడ్‌ను నిజంగా బాగుచేస్తున్నవారు ఎవరు అడిగినా వాటిని నేను కొన్న ధరకే ఇస్తాను.