మఖ్తేష్ రామోన్‌లో ఏకాంత ప్రార్థన

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దాదాపు 40 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న మఖ్తేష్ రామోన్ లోయకు యూదు మిత్రులతో కలిసి ఏకాంత సాధనకు వెళ్లినప్పుడు, నన్ను అన్నిటికంటే కదిలించింది వారు అక్కడ మౌనంగా కూర్చోకపోవడమే.

‘హిత్బోదెదూత్’ అనే ఈ సాధనను నిత్యం చేయమని బ్రెస్లోవ్‌కు చెందిన రబ్బీ (యూదు మతగురువు) నఖ్‌మాన్ (1772–1810) తన శిష్యులకు బోధించారు. రాత్రివేళ జనసంచారం లేని చోటికి ఒంటరిగా వెళ్లి, ప్రార్థనా గ్రంథాల హీబ్రూలో కాక ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్‌లోనే, ఆప్తమిత్రుడికి చెప్పుకున్నట్టు దేవుడికి మనసు విప్పి చెప్పుకోవాలి. నోరు పెగలకపోతే, పెగలడం లేదన్న సంగతినే ఆయనకు విన్నవించుకోవాలి. ఎంత దయగల నియమం! అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈజిప్టులో యూదు తత్వవేత్త మైమోనిదెస్ కుమారుడు అబ్రహాం సైతం ఏకాంతాన్ని సాధనలో భాగంగా బోధించారు. హోరేబు కొండ గుహలో ఒంటరిగా దేవుడి స్వరం విన్న బైబిలు ప్రవక్త ఏలీయా సంగతి సరేసరి.

చీకటి పడ్డాక, పగటి వేడి ఇంకా వదలని చెకుముకి రాళ్ల మధ్య, ఒకరి గొంతు మరొకరికి వినబడనంత దూరం విడిపోయాం. నేను తెలుగులోనే మాట్లాడాను. మొదట పొడిపొడిగా వచ్చిన మాటలు, కాసేపటికి, మా నాన్నగారు పోయినప్పటి నుంచి ఎవరితోనూ అనలేకపోయిన సంగతుల దాకా వెళ్లాయి.

ఎడారి అందుబాటులో లేనివారు విడి గదిలోనో, అదీ కుదరకపోతే ప్రార్థనా వస్త్రం కిందనో ఇదే సాధన చేయవచ్చని రబ్బీ చెప్పారు. ఊళ్లో ఉన్నప్పుడు నేను గది తలుపు వేసుకుని చేస్తున్నాను.