జర్మనీ ఒప్పుకుంది, మా ఆఫీసును ఒప్పించడమే పెద్ద ప్రాజెక్టయింది

మంజూరు లేఖ మొన్ననే వచ్చింది. స్వచ్ఛ ఇంధనం మీద విదేశీ విద్యాసంస్థలతో కలిసి పనిచేయడానికి జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయం తన ఆచార్యులకు సీడ్ గ్రాంటు ఇస్తుంది. అక్కడి ఆచార్యుడొకరు, నేను కలిసి పెట్టిన దరఖాస్తుకు అది దక్కింది. 12,000 యూరోలు, ఏడాది గడువు. పరిశోధన పూర్తిచేసే డబ్బు కాదిది. రెండు వైపులా రాకపోకలకు, ఒక వర్క్‌షాపుకు, తొలి కొలతలకు సరిపోతుంది. ఆ కొలతలు చూపించి రేపు పెద్ద నిధులు అడగాలన్నది ఉద్దేశం. కడప నుంచి, కర్నూలు నుంచి తెలిసినవాళ్లు ఫోను చేసి ఎలా వచ్చిందో చెప్పమంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు. పైగా కోపం ఇంకా చల్లారలేదు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

నేను అనంతపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. నా పరిశోధన దుమ్ము మీద. నవ్వకండి. మన దగ్గర ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఆగిపోతుంది. వేరుశనగ రైతుకు శాపమైతే అయింది, సోలార్ ప్యానెళ్లకు వరమే కదా అంటారు. అది సగమే నిజం. ఎండకు కొదవలేదు. జర్మనీలో చదరపు మీటరు నేల మీద ఏడాదికి పడే సౌరశక్తి సుమారు వెయ్యి యూనిట్లయితే మన దగ్గర దానికి దాదాపు రెట్టింపు. కానీ ప్యానెలు మీది దుమ్మును కడిగే వాన లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 2017లో వచ్చిన 1,000 మెగావాట్ల పార్కయినా, ఎన్‌పీ కుంటలో 2016లో ఎన్‌టీపీసీ పెట్టిన 250 మెగావాట్లయినా, ప్యానెళ్లు తుడవకపోతే కరెంటు తగ్గుతుంది. కడుగుదామంటే తాగడానికే నీళ్లు వెతుక్కునే ఊళ్లు ఇవి. ఇక తాడిపత్రి వైపు వెళ్తే బండల పాలిషింగు దుమ్ము, సిమెంటు దుమ్ము ఉంటాయి. వాటి మీద తెల్లవారుజామున మంచు పడితే గాజు మీద పొరకట్టి గట్టిపడతాయి. గుడ్డతో తుడిస్తే పోదు, గట్టిగా రుద్దితే గాజు గీసుకుపోతుంది.

మా విభాగం మేడ మీద రెండు చిన్న ప్యానెళ్లు పక్కపక్కన పెట్టాను. ఒకటి ప్రతి ఉదయం తుడుస్తాం, రెండోదాన్ని ముట్టుకోం. రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెలు రెండు తీగలను నేరుగా కలిపితే పారే కరెంటు) కొలిచి నిష్పత్తి తీస్తే దుమ్ము ఎంత తిన్నదో తెలిసిపోతుంది. ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు. ల్యాబ్ అసిస్టెంటు సెలవు పెట్టిన రోజు చీపురు, గుడ్డ పట్టుకుని నేనే మేడ ఎక్కేదాన్ని. గొప్పలు చెబుతున్నానని అనుకోకండి గానీ, దరఖాస్తును పరిశీలించినవాళ్లు మెచ్చుకున్నది ఈ లెక్కలనే. ఎండాకాలం, వానాకాలం రెండూ పట్టిన కొలతలు ఉండటం ఈ ప్రతిపాదనకు బలమని రాశారు. ఆ వాక్యాన్ని ప్రింటు తీసి బీరువా తలుపుకు అంటించాను.

జర్మనీ ఆచార్యుడిది దుమ్ము అంటుకోని పూతలు పూసిన గాజు మీద పని. ఆన్‌లైన్‌లో జరిగిన ఒక సదస్సులో ప్రశ్న అడిగాను, పరిచయమైంది. అంతకుముందు మన దగ్గరి పథకాలూ చూశాను. విదేశీ సంస్థలతో కలిసి చేసే పరిశోధనకు కేంద్రం 2018లో మొదలుపెట్టిన స్పార్క్ పథకానికి మా కళాశాల అర్హత గీత దాటలేదు. ఇండో జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్ వాళ్ల ‘2+2’ పద్ధతిలో రెండు దేశాల నుంచీ ఒక్కో పరిశోధన సంస్థ, ఒక్కో కంపెనీ చేరాలి. మా మాట మీద ఏ కంపెనీ వస్తుంది? అందుకే ముందు సీడ్ గ్రాంటు. ప్రతిపాదన రాయడం వారం రోజుల పని. బడ్జెటు పట్టిక ఆయనే వేశారు. అంతా నల్లేరు మీద నడకే.

మిగిలింది ఒక్క కాగితం. మా కళాశాల లెటర్‌హెడ్డు మీద ఒక లేఖ. ఈ పనికి మాకు సమ్మతమే, ల్యాబు వాడుకోనిస్తాం, మేడ వాడుకోనిస్తాం, అతిథులకు గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తాం, ఫలానా అధ్యాపకురాలి సమయం వారానికి ఇన్ని గంటలు కేటాయిస్తాం అని ఒకటే పేజీ. చివర్లో ఈ సహకారం విలువ సుమారు మూడు లక్షల రూపాయలని ఒక వాక్యం. నమూనా వాళ్లే పంపారు. సంతకం, ముద్ర ఉంటే చాలు.

ప్రిన్సిపాలు చదివి బాగుందన్నారు. అన్నారు గానీ సంతకం పెట్టలేదు. ‘అకౌంట్స్ వాళ్లు చూశాక పెడతాను, మీరు ఫైలు కదిలించండి’ అన్నారు. అలా ఆ లేఖ ఆఫీసు సూపరింటెండెంటు గారి బల్ల మీదికి చేరింది. ఆయన పేరు రాయను. ఈ ఊళ్లో అందరికీ అందరూ తెలుసు.

మొదటి కొర్రీ: మూడు లక్షలు ఏ పద్దు నుంచి ఇవ్వాలి? ఇచ్చేదేమీ లేదండీ, ఇప్పటికే ఉన్న ల్యాబుకు, నా సమయానికి కట్టిన విలువ అని రాసిచ్చాను. రెండో కొర్రీ: మేడం గారి జీతం కళాశాల ఇప్పటికే చెల్లిస్తుండగా ఆ సమయాన్ని జర్మనీకి ఏ ప్రాతిపదికన ఇవ్వాలి? దానికీ జవాబు రాశాను. మూడో కొర్రీ చూసి కాసేపు మాట రాలేదు: సౌర విద్యుత్తు ప్రాజెక్టు కనుక విద్యుత్తు శాఖ అనుమతి జతచేయాలి. నా రెండు ప్యానెళ్లు కలిపినా ఒక టేబుల్ ఫ్యాను సరిగా తిరగదు!

ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లాను. అది ఫీజు రీయింబర్స్‌మెంటు పత్రాల సమయం. కిటికీ దగ్గర పిల్లలు బారులు తీరి ఉన్నారు. వాళ్లలో నా ఫైనలియర్ ప్రాజెక్టు విద్యార్థులు ఇద్దరు. సూపరింటెండెంటు గారి ఎదురుగా ఒక కుర్చీ ఉంది, దాని మీద హాజరు పట్టీల కట్ట ఉంది. తీయమని ఆయన అనలేదు, నేను అడగలేదు. నిలబడే ఉన్నాను. ఆయన నా లేఖ తీసి, పెన్ను కొనతో ఒక్కో వాక్యం కింద గీత గీస్తూ, గది మొత్తానికి వినపడేలా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

‘మేడం గారికి జర్మనీ వెళ్లాలని ఉందట. ఖర్చు వాళ్లు పెట్టుకుంటారట. పూచీ మాత్రం కాలేజీ పడాలట. ఎందుకూ అంటే, దుమ్ము గురించట.’ పక్క బల్ల క్యాషియరు నవ్వాడు. ‘దుమ్ము ఇక్కడ లేదా మేడం, అంత దూరం పోవాలా? అసలు మీకెంత వస్తుంది ఇందులో?’

మీకెంత వస్తుంది! రేపు ఉదయం తొమ్మిదింటికి నా ముందు కూర్చుని పాఠం వినాల్సిన పిల్లల ఎదుట. నాకు చేతికి పైసా రాదండీ అన్నాను. అనగానే ఆయన ముఖంలో అనుమానం ఇంకా పెరిగింది. డబ్బులు రాకుండా ఎవరూ ఇంత తిరగరన్నది ఆయన జీవితానుభవం కాబోలు. కిటికీ దగ్గరున్న నా విద్యార్థి ఒకడు తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఆ మాటలకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన కళాశాలల్లో పరిశోధన పెరగాలని గోడల మీద రాస్తారు, తనిఖీ బృందం వచ్చినప్పుడు ప్రాజెక్టుల జాబితా అడుగుతారు, జాబితా బక్కగా ఉంటే అధ్యాపకులను నిలదీస్తారు. తీరా ఎవరైనా ఒక ప్రాజెక్టు మోసుకొస్తే ఏదో కాజేయడానికి వచ్చినట్టు చూస్తారు.

తర్వాత విదేశీ డబ్బు గొడవ. ఈ ఒక్క విషయంలో అకౌంట్స్ అధికారి భయం పూర్తిగా అకారణం కాదు, ఒప్పుకుంటాను. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మాలాంటి ట్రస్టు కళాశాలలు బయటి దేశపు గ్రాంటు తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఒకరు తీసుకుని మరొకరికి బదిలీ చేయడానికీ వీల్లేదు. మా ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషను లేదు. అయితే దరఖాస్తులోనే రాసి ఉంది, డబ్బు జర్మనీ దాటి రాదని. టిక్కెట్లు, బీమా, గాజు పలకల రవాణా అన్నీ ఆ విశ్వవిద్యాలయమే నేరుగా చెల్లిస్తుంది. ఆ పేరాను తెలుగులో రాసి, పసుపు రంగు పూసి మరీ ఇచ్చాను. నా మాట నమ్మలేదు. జర్మనీ ఆచార్యుడి ఆఫీసు నుంచి అదే ముక్క మెయిలు చేయిస్తే అరగంటలో నమ్మారు.

నమ్మాక ఏమన్నారో తెలుసా? ‘డబ్బే రాకపోతే కాలేజీకి ఏం లాభం?’

చివరికి కరస్పాండెంటు గారి దగ్గర తేలిన రాజీ ఏమిటంటే, నేను వంద రూపాయల స్టాంపు కాగితం మీద హామీ రాసివ్వాలి. ఈ ప్రాజెక్టు వల్ల కళాశాలకు ఏ ఆర్థిక నష్టం వచ్చినా నా జీతం నుంచి రాబట్టుకోవచ్చని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చెట్టు కింద కూర్చునే డాక్యుమెంటు రైటరు దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ‘ఆస్తి ఎక్కడుంది మేడం, హద్దులు చెప్పండి’ అన్నాడు. ఆస్తి కాదు, పరిశోధన అన్నాను. కాసేపు ఆలోచించి, ‘అయితే ఆస్తి వివరాల షెడ్యూలు అక్కర్లేదు, ఇరవై తగ్గించి ఇవ్వండి’ అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు న్యాయం చేసిన ఏకైక మనిషి ఆయనే. వకీలుగా ఉన్న మా పెద్దమ్మ కొడుకు ముసాయిదా చూసి ‘ఏ నష్టం వచ్చినా’ అన్నచోట ‘నా నిర్లక్ష్యం వల్ల నష్టం రుజువైతే’ అని మార్చాడు. ఆఫీసులో ఎవరూ ఆ తేడా గమనించలేదు. ముద్ర ఉందా లేదా అన్నదే చూశారు.

గడువు అక్టోబరు 31, జర్మనీ అర్ధరాత్రి. సంతకం అందింది ఆ సాయంత్రం, కరస్పాండెంటు గారు కారెక్కబోతుండగా, బానెట్ మీద. ఒక్కటి కలిసొచ్చింది. యూరప్‌లో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అందువల్ల వాళ్ల అర్ధరాత్రి మనకు మూడున్నర కాదు, తెల్లవారుజామున నాలుగున్నర. జిరాక్సు షాపులో స్కాను చేయించి, మావారు నిద్రపోయాక ప్రశాంతంగా పంపాను.

ఇలాంటి దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లకు నాకు తోచింది చెబుతాను. ప్రతిపాదన రాయకముందే సంస్థ లేఖ మీద సంతకం తెచ్చుకోండి. సైన్సు ఒక రాత్రిలో మార్చుకోవచ్చు, సంతకం కుదరదు. లేఖలో రూపాయల అంకె వేయకుండా కుదిరితే వేయకండి. అడిగితేనే వేయండి. డబ్బు ఏ దేశంలో ఖర్చవుతుందో దరఖాస్తు మొదటి పేజీలోనే రాయించండి. ప్రభుత్వ ఉద్యోగులైతే మరో మెలిక ఉంది. అవతలివాళ్లు టిక్కెట్టు, బస ఇచ్చినా అది విదేశీ ఆతిథ్యమే, పైన చెప్పిన విదేశీ విరాళాల చట్టంలోనే 6వ సెక్షను కింద ముందుగా కేంద్ర అనుమతి చూసుకోవాలి. నేను ప్రైవేటు కనుక ఆ బాధ తప్పింది. ఇక ఫైలు వెంట మీరే నడవండి. ‘పైకి వెళ్లింది’ అంటే బీరువా పైకి అని కూడా అర్థం ఉండవచ్చు.

పరీక్షకు ఇక్కడి దుమ్మునే జర్మనీకి పంపిద్దామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల మట్టిని రానివ్వదు, పరిశోధనకైనా ముందుగా ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. మా ఊరి కొరియరు కుర్రాడైతే పొడి అన్న మాట వినగానే ప్యాకెట్టు వెనక్కి తోసేశాడు. అందుకే పద్ధతి తిరగేశాం. వాళ్ల పూత గాజు పలకలే ఇక్కడికి వస్తాయి, మా మేడ మీద, తాడిపత్రిలో ఒక స్నేహితురాలి ఇంటి మీద ఎండలో ఉంటాయి, అంకెలు జర్మనీ వెళ్తాయి.

ఫిబ్రవరిలో ఇద్దరు అతిథులు వస్తున్నారు. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలని మా గెస్ట్‌హౌస్ కేర్‌టేకరుకు ఇప్పటినుంచే చెబుతున్నాను. ఆయన వింటున్నాడు, రాసుకోవడం లేదు. నిన్న సూపరింటెండెంటు గారి నుంచి కబురు వచ్చింది, వర్క్‌షాపు నిర్వహణ కమిటీలో తన పేరు కూడా ఉంటే బాగుంటుందని. వేశాను, భోజనాల ఏర్పాట్ల కింద.